కొమ్మ ముందు, మాను తర్వాత: డోర్నకల్ నుంచి ఇల్లందు దాకా ఒక బొగ్గు లైను

ఇల్లందు స్టేషన్‌కి పెట్టిన పేరు ఇల్లందు కాదు, "సింగరేణి కాలరీస్". సింగరేణి అనే ఊరేమో అక్కడికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, కారేపల్లి దగ్గర ఉంది. కొత్తగూడెంలో దిగాలంటే టికెట్టు మీద భద్రాచలం రోడ్ అని ఉండాలి, భద్రాచలమేమో అక్కడి నుంచి ఇంకో నలభై కిలోమీటర్లు, పైగా గోదావరి దాటాలి. కొత్తగా వచ్చినవాళ్ళు తికమకపడి "ఇల్లందు స్టేషన్ ఎక్కడ?" అని అడుగుతుంటారు. మా వైపు వాళ్ళకి ఇది చిన్నప్పటి నుంచి అలవాటే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. నేనూ చాలా ఏళ్ళు పట్టించుకోలేదు. ఆ పేర్ల గురించి కొంచెం ఆలోచించడం మొదలుపెట్టాక అర్థమైంది ఏంటంటే, ఈ లైను వేసినవాళ్ళ లెక్కలో అక్కడ ఊరు లేదు, గని ఉంది. గని పేరే స్టేషన్‌కి పెట్టారు.

ఈ లైనుతో నాది ఇంటి సంబంధం. మా నాన్న డోర్నకల్ యార్డులో పాయింట్స్‌మన్‌గా (బండ్లకి పట్టాల దారి తిప్పే మనిషిగా) పనిచేశాడు. మా అమ్మ వాళ్ళది ఇల్లందు. తాత బాయిలోకి దిగేవాడు (మా దగ్గర గనిని బాయి అంటారు), అమ్మమ్మ కొన్నేళ్ళు వ్యాగన్లలోకి తట్టలతో బొగ్గు ఎత్తింది. అంటే తాత కింద తవ్విన బొగ్గు అమ్మమ్మ నెత్తి మీదుగా వ్యాగన్లోకి ఎక్కి, పదహారు మైళ్ళు దొర్లి, డోర్నకల్‌లో నాన్న చేతికి వచ్చేదన్నమాట. అమ్మా నాన్నల ఇళ్ళకి సంబంధం కలిసింది కూడా ఈ లైను మీద తిరిగే మనుషుల మాటల్లోనే. అందుకే దీని కథ ఎక్కడైనా ఒకచోట రాసిపెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

రైల్వే మ్యాపులో చూస్తే ఇది చాలా చిన్న గీత. కాజీపేట, విజయవాడ మెయిన్ లైను మీద డోర్నకల్ దగ్గర పక్కకి చీలి కారేపల్లి దాకా వస్తుంది, అక్కడ మళ్ళీ రెండుగా చీలి ఒకటి ఎడమకి ఇల్లందు వెళ్ళి ఆగిపోతుంది, ఇంకోటి కొత్తగూడెం మీదుగా మణుగూరు దాకా సాగుతుంది. 2016లో జిల్లాలు మార్చాక ఇంత చిన్న లైనూ మూడు జిల్లాల్లో పడింది: డోర్నకల్ మహబూబాబాద్‌లో, కారేపల్లి ఖమ్మంలో, ఇల్లందు భద్రాద్రి కొత్తగూడెంలో. అందరూ దీన్ని బ్రాంచి లైను అంటారు, అంటే మానుకి మొలిచిన కొమ్మ. కానీ తేదీలు చూస్తే ఈ కొమ్మ పూర్తయ్యేటప్పటికి మాను ఇంకా సగంలోనే ఉంది. 1888లో పట్టాలు డోర్నకల్ చేరాయి, అదే ఏడు ఇల్లందు కొమ్మ కూడా తెరిచారు. మెయిన్ లైను బెజవాడ చేరింది ఆ తర్వాత, 1889 ఫిబ్రవరి 10న. ముందు బొగ్గు దగ్గరికి వెళ్ళారు, ఆ తర్వాతే కృష్ణ ఒడ్డుకి వెళ్ళారు.

దీని వెనక పెద్ద కథే ఉంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసే డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గుందని కనిపెట్టాడు. ఆయన పేరు మీదే ఇప్పటికీ ఒక పొరని కింగ్ సీమ్ అంటారు, బాయిలో పనిచేసినవాళ్ళెవరినైనా అడగండి, కింగ్ సీమ్, క్వీన్ సీమ్ అని వాళ్ళ ఇంటి గదుల గురించి చెప్పినంత తేలిగ్గా చెప్తారు. ఊళ్ళో చెప్పుకునే కథ మాత్రం వేరు. భద్రాచలం నడిచిపోతున్న యాత్రికులు అడవిలో రాత్రికి ఆగి, వంటకని మూడు నల్లరాళ్ళు పెట్టి పొయ్యి ముట్టిస్తే, పుల్లలతో పాటు రాళ్ళు కూడా అంటుకున్నాయట. మా అమ్మమ్మ ఈ కథ చెప్పేటప్పుడు ప్రతిసారీ ఆ యాత్రికుల భయాన్ని ముఖంలో చూపించేది. ఇల్లందుని పాతవాళ్ళు బొగ్గుట్ట అంటారు, అంటే బొగ్గు గుట్ట, ఆ పేరు వింటే నాకు కింగ్ దొర కన్నా యాత్రికుల కథే ముందు గుర్తొస్తుంది.

బొగ్గుందని తెలిసినంత మాత్రాన లాభం లేదు. అడవి మధ్యలో ఉన్న బొగ్గుని ఎడ్లబండ్ల మీద ఎంత దూరమని తోలుతారు? అప్పటికి హైదరాబాద్ నగరానికి ఉన్న రైలు ఒక్కటే, 1874లో తెరిచిన సికింద్రాబాద్, వాడి లైను, అది పడమటికి పోయి బొంబాయి లైనులో కలుస్తుంది. తూర్పుకి ఏమీ లేదు. తూర్పుకి పట్టాలు వేయాలన్న ఆలోచన సాలార్ జంగ్ కాలంలోనే మొదలైంది. లండన్‌లో ఒక కంపెనీ పెట్టించి, వాళ్ళు పెట్టిన పెట్టుబడి మీద ఏడాదికి 5 శాతం రాబడికి ఇరవై ఏళ్ళ పాటు నిజాం ప్రభుత్వం పూచీ పడాలన్నది ఒప్పందం. అందుకే దాని పేరులోనే "గ్యారంటీడ్" అని ఉంటుంది, నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అని. రైలుకి రాబడి తగ్గితే ఆ లోటు ఖజానా పూడ్చాలి. ఖజానా అంటే రైతు కట్టిన శిస్తే కదా.

ఈ ఒప్పందాన్ని ప్రశ్నించినవాళ్ళు హైదరాబాద్‌లో ఉన్నారు. చాందా (ఇప్పటి చంద్రాపూర్) వైపు కూడా లైను వేయాలన్నది ఆ పథకంలో భాగం కాబట్టి దాన్ని చాందా రైల్వే వివాదం అంటారు. లెక్కలు బయటపెట్టండి, జనానికి చెప్పండి అని అడిగినవాళ్ళలో అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ముందున్నాడు. సరోజినీ నాయుడు తండ్రి ఆయన. అడిగినందుకు 1883 మే 20న ఆయన్ని నగరం నుంచి పంపించేశారు. సరోజినికి అప్పుడు నాలుగేళ్ళు. తర్వాత ఆయన తిరిగొచ్చాడు, నిజాం కాలేజీ చరిత్రలో ఆయన పేరు ఉంది, అది వేరే సంగతి. నాకు మాత్రం మా ఊరి పక్క బొగ్గు లైను వెనక ఇలాంటి ఒక మనిషి ఉన్నాడని తెలిసినప్పుడు ఒళ్ళు జలదరించింది. హైదరాబాద్ రాజ్యంలో జనం తరఫున గట్టిగా వినిపించిన మొదటి రాజకీయ గొంతుల్లో ఒకటి రైలు లెక్కల మీద లేచింది. ఈ ముక్క మా స్కూల్లో ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే బాగుండేదని నా బాధ.

1886లో గనుల హక్కులు కూడా లండన్‌లో పెట్టిన ఇంకో కంపెనీకి వెళ్ళాయి, హైదరాబాద్ దక్కన్ కంపెనీ అని. ఆ హక్కుల బేరంలో, వాటాల అమ్మకాల్లో గోల్‌మాల్ జరిగిందని గొడవ లేచి, 1888లో ఏకంగా బ్రిటన్ పార్లమెంటు కామన్స్ సభ ఒక కమిటీ వేసి విచారించింది. నిజాం తరఫున లండన్‌లో బేరం నడిపిన అబ్దుల్ హక్ అనే ఉన్నతాధికారి పదవి పోయింది. ఒకసారి ఊహించుకోండి, ఇల్లందు అడవిలో కూలీలు మట్టి తవ్వి కట్ట పోసి స్లీపర్లు పరుస్తున్న ఆ ఏడే, ఆ బొగ్గు మీద వాటాల గురించి లండన్‌లో సాక్షుల్ని కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతున్నారు. ఇక్కడ గంప ఎత్తినవాళ్ళకి అక్కడ జరుగుతున్నది తెలిసే దారే లేదు.

1889లో ఇల్లందు బొగ్గు తవ్వకం మొదలైంది. రైలు ముందు, బొగ్గు తర్వాత.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే ఇది తెలిస్తే గానీ ఈ లైను విలువ తెలీదు. అప్పట్లో దక్షిణాదిన చెప్పుకోదగ్గ బొగ్గు ఇంకెక్కడా లేదు. ఇంజన్లకి కట్టెలు కాల్చాలి, లేదంటే బెంగాల్ నుంచో ఇంగ్లాండు నుంచో ఓడల్లో తెప్పించుకోవాలి. కాబట్టి ఇల్లందు బొగ్గుకి గిరాకీ సిద్ధంగా ఉంది, కానీ దారే వంకర. బెజవాడకి 1889లోనే రైలు వచ్చినా, బెజవాడ నుంచి మద్రాసుకి పెద్ద లైను కలిసింది 1899లో. గుంటకల్లు వైపు పోయే లైను ఉంది గానీ అది మీటర్ గేజి, అంటే పట్టాల మధ్య ఎడం తక్కువ, మన బ్రాడ్ గేజి వ్యాగను దాని మీద నడవదు, బెజవాడలో బొగ్గంతా దింపి మళ్ళీ ఎత్తాలి. అలా కాకుండా ఒకే వ్యాగన్లో మద్రాసు చేరాలంటే డోర్నకల్ నుంచి వెనక్కి సికింద్రాబాద్, అక్కడి నుంచి వాడి, రాయచూరు, గుంటకల్లు, అరక్కోణం, అప్పుడు మద్రాసు. దాదాపు దక్కను మొత్తం చుట్టి రావాలి. 1899లో మద్రాసు దారి నేరుగా తెరుచుకున్నాక డోర్నకల్ యార్డుకి అసలు పని పెరిగింది. ఇటు కాజీపేట వైపు, అటు బెజవాడ వైపు, రెండు పక్కలకీ బొగ్గు పంచే చోటుగా మారింది.

ఈ యార్డు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అది మా నాన్న యార్డు.

ఇప్పటి పిల్లలకి గూడ్సు బండి అంటే ఒకే రకం వ్యాగన్లు యాభై ఎనిమిదో, యాభై తొమ్మిదో వరసగా కట్టిన పొడుగాటి రేకు (ఇంగ్లీషులో రేక్, అంటే ఒకటిగా కట్టిన వ్యాగన్ల వరస). అప్పుడు అలా కాదు. నాలుగు చక్రాల చిన్న వ్యాగన్లు, ఒక్కోదాన్లో ఇరవై టన్నుల పైచిలుకు బొగ్గు పట్టేది. ఇల్లందులో ఒక్కో బాయి దగ్గర కొన్ని వ్యాగన్లు నిండేవి, పది ఒక మిల్లుకి, ఐదు ఒక సిమెంటు ఫ్యాక్టరీకి, ఇంకో ఇరవై ఏదో లోకో షెడ్డుకి. షంటింగ్ ఇంజను బాయి బాయికీ తిరిగి వాటిని పోగు చేసి, అన్నీ కలగాపులగంగా ఒక బండి కట్టి కిందికి డోర్నకల్ పంపేది. ప్రతి వ్యాగను పక్కనా ఒక చిన్న క్లిప్పు, అందులో అట్టముక్క మీద చేరాల్సిన స్టేషన్ పేరు. ఆ అట్టముక్క ఊడిపోతే ఆ వ్యాగను తప్పిపోయిన పిల్లాడితో సమానం, యార్డులో ఏ మూలో రోజుల తరబడి నిలబడేది. నాన్న ఉంగరాల వేలికి పసుపు రాసుకున్నట్టు ఎప్పుడూ సుద్దముక్క పొడి ఉండేది, అట్ట చిరిగితే వ్యాగను మీదే సుద్దతో రాసేవాళ్ళు కాబట్టి.

యార్డులో పని ఆ కలగాపులగాన్ని విడదీయడం. ఇంజను వెనక నుంచి నెడుతుంది, ఒక మనిషి కప్లింగ్ (వ్యాగన్లని కలిపే కొక్కెం) విప్పుతాడు, విడిపడ్డ వ్యాగను తనంతట తను దొర్లుకుంటూ పోతుంది. పాయింట్ల దగ్గరున్న మనిషి అది చేరాల్సిన లైనుకి దారి తిప్పాలి. ఆ తర్వాత దాన్ని ఆపాలి. ఎలా ఆపుతారో నేను చిన్నప్పుడు కళ్ళారా చూశాను. వ్యాగను పక్కన కింద పొడుగ్గా ఒక ఇనుప బ్రేకు కడ్డీ ఉంటుంది. దొర్లుతున్న వ్యాగను పక్కనే కంకర మీద పరుగెత్తుతూ ఆ కడ్డీని కిందికి నొక్కి, చేతిబలం చాలకపోతే ఎగిరి దాని మీద కడుపు ఆనించి ఒళ్ళంతా బరువు వేసేవాళ్ళు. చక్రం కీచుమని అరిచి, కాలిన ఇనుము వాసన వచ్చి, ముందున్న వ్యాగనుకి ఢీ అని తగిలి ఆగేది. సరిగ్గా చేస్తే ఢీ మెత్తగా ఉంటుంది. ఆలస్యమైతే ఆ చప్పుడు మా క్వార్టర్ దాకా వినపడేది, అమ్మ చేతిలో పని ఆపేసి కాసేపు వినేది. ఆ తర్వాత అరుపులు వినపడకపోతే మళ్ళీ పని మొదలుపెట్టేది. నాకు అప్పుడు అర్థం కాలేదు ఎందుకు ఆగేదో. వానాకాలం రాత్రి, కంకర జారుతుంటే, ఒక చేతిలో ఎర్ర పచ్చ దీపం పట్టుకుని ఆ పరుగు పెట్టాలి. నాన్న ఎడమ మోచిప్ప మీద అరచేయంత మచ్చ ఉండేది. "ఎట్ల తగిలింది నాయినా?" అంటే "బండి ఆగింది గద బిడ్డా" అనేవాడు, అంతే.

కారేపల్లి వైపు పోయేది ఒకటే లైను, ఎదురుగా ఇంకో బండి రాకూడదు. దానికి అప్పట్లో టోకెన్ ఉండేది. స్టేషన్ మాస్టరు గదిలో ఎర్ర పెట్టెలాంటి యంత్రంలోంచి ఒక ఇనుప గుండు బయటికొస్తుంది, దాన్ని తోలు సంచిలో పెట్టి, ఆ సంచిని పెద్ద బెత్తం రింగుకి కట్టి డ్రైవర్‌కి ఇస్తారు. ఆ గుండు చేతిలో ఉంటేనే ఆ ముక్క లైను మీదికి వెళ్ళాలి. అవతలి స్టేషన్లో ఆ గుండు యంత్రంలో వేసేదాకా ఇవతల ఇంకో గుండు రాదు. ఆగని బండికి రింగు అందించడం ఒక విద్య. ప్లాట్‌ఫాం చివర నిలబడి చెయ్యి పైకెత్తి రింగు నిలువుగా పట్టుకుంటే, ఇంజన్లోంచి ఫైర్‌మన్ చెయ్యి చాపి మోచేతిలోకి లాక్కునేవాడు, పాత రింగు కింద పడేసేవాడు. నాన్న ఒకసారి ఖాళీ రింగు నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. అది నా కన్నా పొడుగున్నట్టు అనిపించింది.

ఇల్లందు చివర అమ్మమ్మ పని. యంత్రాలు ఇంకా అన్నిచోట్లా రాని రోజులు, ఒడ్డు మీద పోసిన బొగ్గుని తట్టలకెత్తి, పలక మీదుగా నడిచి వ్యాగన్లో పోయాలి. కూలి వ్యాగను లెక్కన. నెత్తి మీద గుడ్డ చుట్ట, దాని మీద తట్ట, వ్యాగను నిండేసరికి కనురెప్పల మీద కూడా బొగ్గే. సాయంత్రం ఇళ్ళ ముందు ఇంకో దృశ్యం: బాయి బొగ్గు పొగ ఎక్కువ కాబట్టి వాకిట్లోనే కుప్ప పోసి కాల్చి, పొగంతా పోయాక మిగిలిన నిప్పుల్ని పొయ్యిలోకి తెచ్చుకునేవాళ్ళు. ఒక్కో లైను క్వార్టర్ల ముందు ముప్పై కుప్పలు ఒకేసారి రగులుతుంటే వీధి చివర మనిషి కనపడడు. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు సెలవులు గుర్తొస్తాయి.

డోర్నకల్ ఊరి గురించి ఒక్క మాట. రైలు జంక్షన్ కాకపోతే ఈ పేరు ఎవరికి తెలిసేది? తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో 1903లో ఒక మిషన్ పెట్టి, పనిచేయడానికి ఎంచుకున్నది ఈ ప్రాంతాన్నే. ఆ మిషన్ నుంచి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో డోర్నకల్ బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయన. అక్కడి పెద్ద చర్చిని చూడనివాళ్ళు ఒకసారి చూడండి, గోపురాలు, మినార్లు, చెక్కిన స్తంభాలు అన్నీ కలిసిన కట్టడం. నేను ఆ చర్చి మెట్ల మీద కూర్చుని యార్డు ఇంజన్ల కూతలు వింటూ చదువుకున్న రోజులున్నాయి.

తర్వాతి కథ చాలావరకు చేతులు మారిన కథే కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 1920 డిసెంబర్ 23న పాత దక్కన్ కంపెనీ ఆస్తులన్నీ తీసుకుంటూ సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టింది. 1929లో కాజీపేట, బల్లార్షా లైను పూర్తయ్యి ఢిల్లీ, మద్రాసు దారి కలిసింది, ఉత్తరాన బెల్లంపల్లి వైపు కూడా గనులు వచ్చాయి. 1930లో రైల్వేని, 1945లో బొగ్గు కంపెనీలో ఎక్కువ వాటాలని హైదరాబాద్ ప్రభుత్వం కొనేసింది. 1951 నవంబర్ 5న నిజాం రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే వచ్చాక ఈ లైను దాని కిందికి వచ్చింది. ఈలోగా బొగ్గు బరువు కొత్తగూడెం వైపు మళ్ళింది, కారేపల్లి నుంచి అటు పట్టాలు వేశారు, ఆ తర్వాత మణుగూరు దాకా పొడిగించారు. పాల్వంచ థర్మల్ కేంద్రం 1960ల్లో వచ్చాక ఆ వైపు లైనుకి తీరిక లేకుండా పోయింది. మొదట పుట్టిన ఇల్లందు లైను, తన నుంచి చీలిన కొత్తగూడెం లైనుకే కొమ్మగా మారింది.

యార్డు మీద దెబ్బ పడింది మాత్రం 1980ల్లో. పెద్ద బాక్స్‌ఎన్ వ్యాగన్లు వచ్చాయి, ఎనిమిది చక్రాలవి, ఒక్కోదాన్లో అరవై టన్నులకి దగ్గరగా పడుతుంది. వాటితో పాటే విడి వ్యాగన్ల పద్ధతి పోయింది. ఒక రేకు మొత్తం ఒకే చోట నిండి, ఒకే చోటికి పోతుంది, దారిలో ఎక్కడా విప్పరు. లోడింగ్ కూడా బంకర్ (బొగ్గు నిల్వ చేసే పెద్ద తొట్టి) కింద, నిమిషాల లెక్కన. ఆలస్యమైతే డెమరేజి, అంటే జరిమానా. దేశం మొత్తానికి ఇది మంచిదే, బొగ్గు త్వరగా చేరుతుంది, వ్యాగను తప్పిపోదు, దొర్లే వ్యాగను వెంట పరుగెత్తి కాళ్ళు పోగొట్టుకునే మనుషులు ఉండరు. నేను దీన్ని తప్పు పట్టను. కానీ విడదీయాల్సింది ఏమీ లేనప్పుడు యార్డుకి పనేముంది? రేకు వచ్చి, సిగ్నల్ కోసం ఆగి, వెళ్ళిపోతుంది. నాన్న రిటైరయ్యే ముందు కొన్నేళ్ళు యార్డు లైన్ల మధ్య గడ్డి మొలవడం చూశాడు. ఒకసారి ఆయనతో పాటు ఆ వైపు నడుస్తుంటే ఒక పాత లైను పక్కన ఆగి, పట్టా పైభాగం చెప్పుతో రుద్ది చూశాడు. బండ్లు తిరిగే పట్టా పైన అద్దంలా మెరుస్తుంది. అది తుప్పు పట్టి ఎర్రగా ఉంది. ఏమీ అనలేదు, చెప్పు దులుపుకుని ముందుకి నడిచాడు.

ప్యాసింజర్ సంగతి కూడా చెప్పాలి. మా అమ్మ పెళ్ళై డోర్నకల్ వచ్చింది ఇల్లందు నుంచి ప్యాసింజర్ బండిలోనే. ఇల్లందు పెట్టెలో సారె సామాను, ఒక ఇత్తడి బిందె, కొంగున తలంబ్రాల బియ్యం గింజలు. ఎదురు బొగ్గు బండి వస్తే ప్యాసింజర్‌ని పక్కన పెట్టేవాళ్ళు, బొగ్గు పోయాకే మనుషులు. పెళ్ళివారంతా కారేపల్లిలో దిగి చెట్టు కింద కూర్చుని పులిహోర తిన్నారట. ఆ బండి ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు ఇల్లందు జనం రైలెక్కాలంటే కారేపల్లికో, డోర్నకల్‌కో, మహబూబాబాద్‌కో బస్సులో పోవాలి. తమ ఊరికి రైలు కావాలని వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. అది చాలా న్యాయమైన కోరిక అని నా నమ్మకం. దక్షిణాదికి బొగ్గు మోసిన ఊరు అది, దాని పట్టాల మీద ఇంకా బొగ్గు బండ్లు తిరుగుతూనే ఉన్నాయి, రోజుకి ఒక్క బండి మనుషుల కోసం తిరగడానికి ఏం అడ్డం?

ఈ మధ్య ఇంకో కొత్త లైను వచ్చింది. భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లి దాకా 54 కిలోమీటర్లు, అక్కడి ఓపెన్‌కాస్టుల (పైనుంచి తవ్వే గనుల) బొగ్గు కోసం. ఖర్చులో ఎక్కువ భాగం సింగరేణే పెట్టుకుంది. 2022 నవంబర్ 12న రామగుండంలో జరిగిన సభ నుంచి ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. ఆ వార్త చదువుతున్నప్పుడు నాకు 1888 గుర్తొచ్చింది. నూట ముప్పై నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ అదే అడవుల అంచున, మళ్ళీ బొగ్గు కోసమే, మళ్ళీ ఒక కొమ్మ. రోడ్ల మీద బొగ్గు లారీల దుమ్ము, యాక్సిడెంట్లు తగ్గుతాయి, అది నిజంగా మేలు. సత్తుపల్లి వాళ్ళు కూడా మాకు ప్యాసింజర్ ఎప్పుడని ఎదురుచూస్తారు.

పోయిన దసరాకి ఇల్లందు వెళ్ళినప్పుడు అమ్మని తీసుకుని స్టేషన్ వైపు వెళ్ళాను. ఆమెకి ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు. కోయగూడెం వైపు నుంచి బొగ్గు లారీలు వరసగా వస్తున్నాయి. దూరంగా ఒక రేకు నిలబడి ఉంది, సగం నిండింది. మేము చూస్తుండగానే ఇంజను కొంచెం కదిలింది, ఆ కదలిక కప్లింగ్ కప్లింగ్‌కీ పాకుతూ చివరి వ్యాగను దాకా గలగలా వెళ్ళింది. అమ్మ తల పక్కకి వంచి విన్నది. "మెత్తగనే ఆగింది" అన్నది. తర్వాత "పోదాం పా, ఎండ పడ్తున్నది" అని నా చెయ్యి పట్టుకున్నది.